అయిదేళ్ల బాబు కొడుతున్నాడు, విసురుతున్నాడు. థెరపీ నడుస్తోంది, ఇప్పుడు మందు అంటున్నారు

లారీబాబు అమ్మ | రాత్రి 11:48

చాలా రోజులుగా ఇక్కడ చదివి వెళ్లిపోతున్నాను. రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్దగా ఉంటుంది, ఓపిక పట్టండి.

మా బాబుకి 5 ఏళ్ల 2 నెలలు, పాపకి 2 ఏళ్లు. బాబు కొడతాడు, రక్కుతాడు, చేతికి ఏది దొరికితే అది విసురుతాడు. రోజుకి మూడు నాలుగు సార్లు. ఒక్కోసారి అయిదు నిమిషాల్లో అయిపోతుంది, ఒక్కోసారి ముప్పావు గంట. అయిపోయాక వచ్చి నా పక్కనే పడుకుని నిద్రపోతాడు. స్కూల్ నుంచి ఇప్పటికి మూడుసార్లు పిలిచారు. పోయిన వారం బొమ్మ లారీ విసిరితే పాప కనుబొమ మీద తగిలింది, రెండు కుట్లు పడ్డాయి.

ఆరు వారాలుగా థెరపీకి వెళ్తున్నాం. వాడికంటే మాకే ఎక్కువ పాఠాలు చెబుతున్నారు. కొంచెం తేడా ఉంది, లేదనను. పిల్లల సైకియాట్రిస్ట్ చూసి ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, ఆగలేకపోవడం) అన్నారు, దానికిచ్చే మిథైల్‌ఫెనిడేట్ అనే మందు తక్కువ మోతాదులో మొదలుపెట్టి చూద్దాం అంటున్నారు. మా ఆయన సరే అన్నారు. మా అత్తయ్య మాత్రం "పసివాడికి బుర్ర మందేమిటి" అని రెండు రోజులుగా మాట్లాడటం లేదు. నేను ఎటూ తేల్చుకోలేకపోతున్నాను.

ఇంకొకటి. ఇది ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు. పాపకి దెబ్బ తగిలిన రోజు నేను వాడిని కొట్టాను. గట్టిగానే. వాడు ఏడవలేదు. "నువ్వూ కొట్టావుగా" అన్నాడు, అంతే.

దయచేసి "పెద్దయితే అదే తగ్గుతుంది" అని మాత్రం రాయకండి.

---

నిద్రలేని నాన్న | రాత్రి 12:15

అమ్మా, ముందు ఒక మాట. మీరు రాసిన చివరి పేరా లాంటిది ఇక్కడ చాలామందికి ఉంటుంది. నాకూ ఉంది.

మా అమ్మాయికి ఇప్పుడు 8. నాలుగో ఏట మొదలైంది. కొరికేది. నా ముంజేతి మీద పళ్ల గుర్తులు చూసి ఆఫీసులో "కుక్కా?" అని అడిగారు. అవునన్నాను, ఏం చెప్పను.

మందు సంగతి తర్వాత. నిద్ర ఎలా ఉంది? గురక పెడతాడా? నోరు తెరిచి నిద్రపోతాడా? మేం ఏడాది పాటు ప్రవర్తన, ప్రవర్తన అని తిరిగాక ఒక డాక్టర్ గారు ఈ ప్రశ్న అడిగారు. చూస్తే గొంతులో టాన్సిల్స్, ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్స్ రెండూ పెరిగి రాత్రంతా ఊపిరి సరిగా ఆడటం లేదు. ఆపరేషన్ అయ్యాక గొడవలు దాదాపు సగానికి పడిపోయాయి. మిగతా సగానికి థెరపీ, తర్వాత మందు కూడా కావాల్సి వచ్చింది, అది వేరే కథ. కానీ నిద్ర చాలని పిల్లకి ఏ థెరపీ ఎక్కుతుంది చెప్పండి? అలాగే మలబద్ధకం, చెవి పోటు, పంటి నొప్పి, ఒంట్లో ఐరన్ తక్కువ కావడం. నొప్పి ఎక్కడో చెప్పలేని వయసు కదా, చేత్తో చెబుతారు.

---

ఒకటో తరగతి టీచర్ | ఉదయం 6:20

పద్దెనిమిదేళ్లుగా చిన్న పిల్లలకి చెబుతున్నాను. కొట్టే పిల్లల్లో "ఊరికే" కొట్టినవాణ్ని నేను ఒక్కణ్నీ చూడలేదు. మనకి కారణం కనపడదు, అంతే.

ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతిసారీ మూడు ముక్కలు రాయండి: దానికి ముందు ఏం జరుగుతోంది, వాడు ఏం చేశాడు, ఆ వెంటనే ఏం జరిగింది. మూడోది చాలామంది వదిలేస్తారు, అసలు సంగతంతా అందులోనే ఉంటుంది.

నా క్లాసులో ఒక అబ్బాయి రోజూ గుండ్రంగా కూర్చుని కథ వినే టైములోనే పక్కవాణ్ని తోసేవాడు. నేను రోజూ బయట కూర్చోబెట్టేదాన్ని. మూడు వారాలకి గానీ నాకు వెలగలేదు. వాడికి కావలసింది బయట కూర్చోవడమే. నేను శిక్ష అనుకుంటున్నది వాడికి బహుమతి. అంతసేపు అంతమంది మధ్య ఇరుక్కుని కూర్చోలేడు. "వెళ్లాలి" అని చూపించడానికి ఒక ఎర్ర అట్టముక్క ఇచ్చాను. అది చూపిస్తే వెంటనే వెళ్లనిచ్చేదాన్ని, వాదన లేదు. మొదటి వారం రోజుకి పదిసార్లు చూపించాడు, నాకు పిచ్చెక్కింది. తర్వాత తగ్గింది, తోయడం కూడా తగ్గింది.

---

పాతకాలం మనిషి | ఉదయం 8:02

మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు పెద్దలు. అప్పుడప్పుడూ రెండు తగిలిస్తే దారికొచ్చేదానికి డాక్టర్లు, థెరపీలు, మందులు. మమ్మల్ని అలాగే పెంచారు, బాగానే ఉన్నాం. పిల్లవాడు చురుగ్గా ఉంటే దానికీ ఒక జబ్బు పేరు.

---

నిద్రలేని నాన్న | ఉదయం 8:09

ఆవిడ తగిలించి చూశానని రాశారండి, మీరు పైది పూర్తిగా చదివినట్టు లేదు. వంచడమంటే విరిచేయడం కాదు.

---

పిల్లల మనసు డాక్టర్ | మధ్యాహ్నం 2:35

నేను ఈ రంగంలోనే పనిచేస్తాను. బాబుని చూడలేదు కాబట్టి మందు వాడండి అనో వద్దనో చెప్పను. మీరు నిర్ణయం తీసుకునేటప్పుడు పనికొచ్చే నాలుగు మాటలు చెబుతాను.

మొదటిది, పిల్లలు కొట్టడం ఎక్కడో నేర్చుకుంటారని అనుకుంటాం. కెనడా పరిశోధకుడు రిచర్డ్ ట్రెంబ్లే చిన్నప్పటి నుంచి పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి చూపించింది దాదాపు దీనికి ఎదురుగా ఉంది. చేత్తో కొట్టడం, తోయడం రెండు మూడేళ్ల వయసులోనే అన్నిటికంటే ఎక్కువ. ఆ తర్వాత మాట వచ్చి, ఆగడం అలవాటై, చాలామంది మానేస్తారు. కాబట్టి అయిదేళ్ల పిల్లవాడి విషయంలో "ఎక్కడ నేర్చాడు" అని వెతకడం కంటే "మానడానికి ఏది అడ్డుపడుతోంది" అని వెతకడం మేలు. అడ్డుపడేది ఏడీహెచ్‌డీ కావచ్చు, మాట ఆలస్యం కావచ్చు, ఆటిజం, భయం, నిద్ర, ఇంట్లో గొడవలు, వీటిలో రెండు మూడు కలిసి కూడా కావచ్చు.

రెండోది, అమెరికన్ మనస్తత్వవేత్త జెరాల్డ్ ప్యాటర్సన్ ఇళ్లలోకి వెళ్లి కూర్చుని గమనించి ఒక వలయం గురించి రాశాడు. అమ్మ ఒక పని చెబుతుంది, బిడ్డ అరుస్తాడు, అమ్మ గట్టిగా చెబుతుంది, బిడ్డ ఇంకా గట్టిగా అరిచి కొడతాడు, అమ్మ విసిగి వదిలేస్తుంది. అరిస్తే పని తప్పుతుందని బిడ్డ నేర్చుకున్నాడు. వదిలేస్తే ఇల్లు ప్రశాంతమవుతుందని అమ్మ నేర్చుకుంది. ఇద్దరికీ లాభమే, అందుకే అది తెగదు. తల్లిదండ్రులకి పాఠాలు ఎందుకు చెబుతారంటే ఇందుకే. తప్పు మీదని కాదు, వలయాన్ని తెంపగలిగే వయసు మీదని.

మందు గురించి. 4, 5 ఏళ్ల పిల్లలకి ఏడీహెచ్‌డీ ఉంటే ముందు తల్లిదండ్రుల శిక్షణ, అది చాలనప్పుడు మిథైల్‌ఫెనిడేట్ అని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2011లోనూ, మళ్లీ 2019లోనూ చెప్పింది. అమెరికాలో ఈ మందు అనుమతి పత్రంలో 6 ఏళ్లు దాటినవారికే అని ఉంటుంది. అంతకన్నా చిన్నవారికి ఇవ్వడమనేది డాక్టర్ ఆలోచించి తీసుకునే నిర్ణయం. చిన్నవాళ్ల మీద జరిగిన పెద్ద అధ్యయనం ఒకటుంది, ఫలితాలు 2006లో వచ్చాయి. మూడు నుంచి అయిదున్నర ఏళ్ల పిల్లలు 303 మంది అందులో చేరారు. అక్కడ కూడా ముందు పది వారాల తల్లిదండ్రుల శిక్షణ, ఆ తర్వాతే మందు. మందు పనిచేసింది, కానీ పెద్ద పిల్లల్లో పనిచేసినంత బలంగా కాదు. దుష్ప్రభావాల వల్ల మానేసినవారు దాదాపు 11 శాతం. అంటే మీ డాక్టర్ గారు దారి తప్పలేదు, మీ అత్తగారి భయంలోనూ అర్థం ఉంది.

ఈ మందు కోపాన్ని చల్లార్చేది కాదు. ఏడీహెచ్‌డీ ఉంటే, తోచడానికీ చేయడానికీ మధ్య ఉండాల్సిన ఎడం కొంచెం పెరుగుతుంది. ఆ ఎడంలో ఏం చేయాలో మందు నేర్పదు. ఏడీహెచ్‌డీ లేని పిల్లవాడికి కేవలం కొడుతున్నాడని ఇచ్చే మందు కాదిది.

ఇక మీరు కొట్టిన సంగతి. వాడి దగ్గరికి వెళ్లి "నేను కొట్టాను, అది తప్పు, నాకు కోపం వచ్చినప్పుడు నేనూ ఆగడం నేర్చుకుంటున్నాను" అని చెప్పండి. పొడుగ్గా వద్దు, ఏడుస్తూ వద్దు. దెబ్బల వల్ల పిల్లల్లో కొట్టే గుణం తగ్గదు, పెరిగే అవకాశమే ఎక్కువ. కానీ ఒక దెబ్బతో మీ ఇద్దరి మధ్య అంతా చెడిపోదు. మీరు నిద్రపోతున్నారా? మీకంటూ ఎవరైనా ఉన్నారా?

---

లారీబాబు అమ్మ | రాత్రి 10:55

డాక్టర్ గారు, చివరి ప్రశ్న చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నిద్ర లేదు. ఎవరైనా అంటే, మా ఆయన ఉన్నారు, కానీ ఆయనకి డ్యూటీలు మారుతుంటాయి.

సాయంత్రం వాడికి చెప్పాను, మీరు చెప్పినట్టే చిన్నగా. "సరే, లారీ ఇస్తావా" అన్నాడు. పాపకి దెబ్బ తగిలాక బీరువా మీద దాచేశాను. ఇవ్వలేదు. ఇవ్వాలా?

గురక లేదు, నోరు మూసుకునే నిద్రపోతాడు. మాటలు మాత్రం ఆలస్యం, దాదాపు మూడేళ్లకి వచ్చాయి. ఇప్పుడు గలగలా మాట్లాడతాడు కాబట్టి ఆ సంగతే మర్చిపోయాం.

నోట్‌బుక్ మొదలుపెట్టాను టీచర్ గారు. ఒక్క రోజులో నాలుగు. మూడింటికి ముందు నేను ఏదో పని చెప్పాను.

---

మాటల పంతులమ్మ | రాత్రి 11:10

స్పీచ్ థెరపిస్ట్‌ని. చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను.

మాట్లాడటం వేరు, అర్థం చేసుకోవడం వేరు. ఆలస్యంగా మాట వచ్చిన పిల్లల్లో కొందరు గలగలా మాట్లాడతారు, కానీ మనం చెప్పే పొడుగు వాక్యం వాళ్లకి సగమే అందుతుంది. మిగతాది మన చెయ్యి ఎటు చూపిస్తోంది, ఎదుటివాళ్లు ఏం చేస్తున్నారు చూసి లాక్కొస్తారు. ఇంట్లో మనం గమనించం. క్లాసులో, హడావిడిలో దొరికిపోతారు.

వాడు హాయిగా ఉన్న సమయంలో, చెయ్యి చూపించకుండా, కళ్లతో కూడా అటు చూడకుండా రెండు పనులు కలిపి చెప్పండి. "బూట్లు అరలో పెట్టి, నీలం పుస్తకం తీసుకురా" లాంటిది. ఆట లాగా నాలుగైదు రకాలుగా. ఇది పరీక్ష కాదు, దీన్ని బట్టి ఏదీ తేల్చకండి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు కూడా రెండో పని మర్చిపోతారు. ఏది ఎందుకో చెప్పడానికి సరైన పరీక్షలున్నాయి, వినికిడి పరీక్షతో కలిపి.

---

ఎర్ర గొడుగు | రాత్రి 11:41

మందు మంచిదా చెడ్డదా అన్న గొడవలోకి దిగను. జరిగింది చెబుతాను.

మా వాడికి ఆటిజం, ఇప్పుడు 13. ఆరేళ్లప్పుడు రిస్పెరిడోన్ మొదలుపెట్టారు. అప్పటికి వాడు తన తలని తనే గోడకేసి కొట్టుకునేవాడు, ఆపబోతే మమ్మల్ని. మందు పడ్డ పది రోజులకి ఇంట్లో తలుపులు గడియ పెట్టకుండా పడుకున్నాం. ఆ మందు లేకపోతే ఆ ఏడాది గట్టెక్కేవాళ్లం కాదు, ఇది ఎవరేమన్నా చెబుతాను.

కానీ వాడి ఆకలికి అంతు లేకుండా పోయింది. అయిదు నెలల్లో బట్టలు మూడుసార్లు మార్చాం. మేం వెళ్లిన చోట ఒక్కసారీ బరువు రాసుకోలేదు, రక్తపరీక్ష చేయించమనలేదు. నేనూ అడగలేదు, ఒంటికి పట్టిందని సంతోషించాను! తర్వాత వేరే డాక్టర్ గారు చూసి కంగారుపడి మోతాదు మెల్లగా తగ్గిస్తూ వచ్చారు. థెరపీ కూడా అప్పుడే మొదలైంది. అంతకుముందు మందుతో ఇల్లు ప్రశాంతంగా ఉందని థెరపీ వాయిదా వేశాం. ఆ రెండేళ్లు తిరిగి రావు.

---

పిల్లల మనసు డాక్టర్ | మరునాడు ఉదయం 7:15

ఎర్ర గొడుగు గారు రాసింది ప్రతి తల్లీ చదవాలి. అమెరికాలో ఆటిజం ఉన్న పిల్లల చిరాకు, దాడి తగ్గించడానికి రిస్పెరిడోన్‌కి 2006లో అనుమతి వచ్చింది, 5 నుంచి 16 ఏళ్లవారికి. 2009లో అరిపిప్రజోల్‌కి, 6 నుంచి 17 వరకు. పనిచేసే మందులే. కానీ మొదలుపెట్టే ముందే బరువు, నడుము కొలత, బీపీ, పరగడుపున షుగర్, కొవ్వు చూసి రాసుకోవాలి, తర్వాత గడువు ప్రకారం మళ్లీ చూడాలి. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరగొచ్చు. ముఖంలో, చేతుల్లో వాళ్లకి తెలియకుండానే కదలికలు వస్తున్నాయేమో గమనించాలి. ఇవి అడగడం మీ హక్కు, డాక్టర్‌కి కోపం వస్తుందని మానకండి.

లారీబాబు అమ్మ గారికి చెప్పింది వేరే రకం మందు, రెండూ కలిపి భయపడొద్దు. మిథైల్‌ఫెనిడేట్‌కి చూడాల్సినవి ఎత్తు, బరువు, బీపీ, నాడి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు ఉందా, బాబు ఎప్పుడైనా ఆడుతూ స్పృహ తప్పాడా అన్నది ముందే చెప్పండి. ఆకలి తగ్గుతుంది, కొందరికి నిద్ర ఆలస్యమవుతుంది. మామూలు రకం ప్రభావం వేసిన దాదాపు నాలుగు గంటలకి దిగిపోతుంది, దిగేటప్పుడు కొందరు ఇంకా చిరాకు పడతారు. ఒక మంచి ఏమిటంటే, పనిచేస్తుందో లేదో తెలియడానికి నెలలు పట్టదు. నప్పకపోతే డాక్టర్‌తో మాట్లాడి ఆపేయొచ్చు. ఏడీహెచ్‌డీకే ఇచ్చే వేరే రకం మందులు క్లోనిడిన్, గ్వాన్‌ఫసిన్ అలా కాదు. వాటిని ఉన్నట్టుండి ఆపితే బీపీ పెరుగుతుంది, మెల్లగా తగ్గించాలి. ఏ మందైనా సొంతంగా ఆపకండి అనడం ఇందుకే.

లారీ గురించి అడిగారు. ఇచ్చేయండి. చాలా రోజుల కిందటి సంగతికి ఇప్పటి శిక్ష అయిదేళ్లవాడి బుర్రలో కలవదు. పాప లేని గదిలో ఆడుకోమనండి. ఈసారి విసిరితే అప్పటికప్పుడు కాసేపు పక్కన పెట్టండి, మళ్లీ ఇవ్వండి.

---

చిన్నచెల్లి | సాయంత్రం 5:30

నేను తల్లిని కాదు. ఆ చెల్లెల్ని.

మా అన్నయ్య ఇలాగే ఉండేవాడు, అప్పట్లో ఎవరికీ పేరు తెలియదు. నన్ను కొట్టినప్పుడల్లా ఇంట్లో అందరూ వాడి దగ్గరికి పరిగెత్తేవారు, వాణ్ని ఆపడానికి, తిట్టడానికి, బతిమాలడానికి. నేను మూల నిలబడి చూసేదాన్ని. దెబ్బ కంటే అదే ఎక్కువ గుర్తుంది. "నువ్వు మంచిదానివి కదా, సర్దుకో" అనేవారు. సర్దుకోవడం ఇప్పటికీ మానలేకపోతున్నాను.

ఇప్పుడు మా అన్నయ్యతో నాకు బాగుంటుంది, వాడు మంచి మనిషి. పాపని మర్చిపోకండి, చెప్పాలనిపించింది.

---

ఒకటో తరగతి టీచర్ | సాయంత్రం 6:12

చిన్నచెల్లి గారు చెప్పింది మేం క్లాసులో చేసే పని కూడా. దెబ్బ తిన్నవారి దగ్గరికే ముందు వెళ్తాం, కొట్టినవాడికి ఆ క్షణంలో ముఖం చూపించం. అందరూ తనవైపే తిరగడం కొందరికి చాలా పెద్ద లాభం. ఇంకో చిట్కా. గొడవ మొదలైతే అయిదేళ్లవాణ్ని గది దాటించడం యుద్ధం. రెండేళ్ల పాపని చంకనేసుకుని బయటికి వెళ్లడం తేలిక.

---

నిద్రలేని నాన్న | రాత్రి 11:58

మా ఇంట్లో పనిచేసింది చెబుతాను, నవ్వకండి.

తల్లీబిడ్డలు కలిసి ఆడుకుంటుంటే థెరపిస్ట్ అద్దం వెనక కూర్చుని మన చెవిలో ఇయర్‌ఫోన్ ద్వారా చెబుతుంటారు. షీలా ఐబర్గ్ అనే ఆవిడ 1970లలో తయారుచేసిన పద్ధతి, రెండు నుంచి ఏడేళ్ల పిల్లలకి. ఇంట్లో రోజుకి అయిదు నిమిషాలు పిల్ల చెప్పినట్టు ఆడాలి. షరతులు: ప్రశ్న అడగకూడదు, పని చెప్పకూడదు, తప్పు దిద్దకూడదు. చేస్తున్నది చూసి చెబుతుండాలి, మెచ్చుకుంటే దేన్నో చెప్పి మెచ్చుకోవాలి. "గుడ్" కాదు, "ఇటుకలు మెల్లగా పెట్టావు" అని.

మొదటి రోజు చెవిలో ఆవిడ లెక్కపెట్టి చెప్పారు, అయిదు నిమిషాల్లో నేను 23 ప్రశ్నలు అడిగానట. "ఇదేం రంగు? ఇదెక్కడ పెడతావ్? ఇల్లు కడుతున్నావా?" పోలీసు విచారణ! నేర్చుకోవడానికి నెల పట్టింది. ఇది అయ్యాకే రెండో భాగం, ఒక్కసారి, స్పష్టంగా, చిన్నగా పని చెప్పడం, విన్నప్పుడూ విననప్పుడూ ప్రతిసారీ ఒకేలా నడుచుకోవడం.

ఒక హెచ్చరిక. అరుపులకి లొంగడం మానేసిన మొదటి వారం ఇల్లు నరకం. ఆరిపోయే దీపానికి వెలుగెక్కువ అన్నట్టు, ఇన్నాళ్లూ పనిచేసిన అరుపు పనిచేయకపోతే ఇంకా గట్టిగా అరుస్తారు. మేం ఆరో రోజు లొంగిపోయాం. దాంతో "ఇంకా గట్టిగా అరిస్తే వస్తుంది" అని మేమే నేర్పాం. మళ్లీ మొదటి నుంచి.

---

పాతకాలం మనిషి | మరునాడు ఉదయం 9:20

నిన్నంతా ఇది చదువుతూ కూర్చున్నాను. కొట్టి పెంచితే బాగానే ఉన్నాం అని రాశాను. మా అబ్బాయి పండక్కి తప్ప ఫోన్ చేయడు. అది దీనికి సంబంధించిందో కాదో నాకు తెలియదు. మందుల మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.

---

మోడరేటర్ | ఉదయం 10:00

మందుల మోతాదులు ఇక్కడ అడగొద్దు, చెప్పొద్దు. నిన్న రెండు పోస్టులు తీసేశాం. పిల్లవాడు చచ్చిపోతాను అన్నా, కత్తిలాంటిది పట్టుకుని వెంటపడినా, వచ్చిన మాటలు ఉన్నట్టుండి పోయినా, చూపు నిలిచిపోయి పిలిస్తే పలకకపోయినా ఇక్కడ రాసి జవాబు కోసం ఎదురుచూడకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

---

లారీబాబు అమ్మ | మూడు నెలల తర్వాత, రాత్రి 10:20

చాలామంది మెసేజ్ పెట్టి అడిగారు, అందుకే రాస్తున్నాను.

బూట్లు, నీలం పుస్తకం ఆట ఆడాం. బూట్లు తీసుకొచ్చి నా చేతిలో పెట్టాడు. నాలుగు రకాలుగా చెప్పాను, మూడుసార్లు అంతే. పరీక్షలు చేయించాం. వినికిడి బాగుంది. అర్థం చేసుకోవడంలో వయసుకంటే ఏడాదికి పైగా వెనకబడి ఉన్నాడు. ఏడీహెచ్‌డీ కూడా ఉంది, రెండూ ఉన్నాయి. నేను ఇన్నాళ్లూ "అది ఎత్తి, ఇది పెట్టి, చెయ్యి కడుక్కుని త్వరగా రా" అని గబగబా చెప్పేదాన్ని. వాడికి అదంతా ఒక మోతలా వినపడేదేమో.

ఇప్పుడు ఒక్కసారికి ఒక్క పని చెబుతాను. వారం రోజులు నాలుక కొరుక్కుంటూ.

నెలన్నర స్పీచ్ థెరపీ, మాకు పాఠాలు నడిచాక మందు మొదలుపెట్టాం, మూడు వారాలవుతోంది. వెళ్లే ముందు డాక్టర్ గారిని నోట్‌బుక్ చూపించి అడిగాను, ఏం తగ్గితే పనిచేసినట్టు, ఎన్నాళ్లు చూడాలి, ఏం కనపడితే ఆపాలి అని. ఆయన విసుక్కోలేదు, కాగితం తీసి రాసిచ్చారు. స్కూల్లో టీచర్ కూడా రోజూ ఒక చిన్న పట్టీ నింపుతున్నారు.

మొదటి వారం మధ్యాహ్నం ముద్ద ముట్టలేదు. సాయంత్రం నాలుగున్నరకి తుఫాను, పాత రోజులకంటే ఘోరం. నేను ఆపేద్దామనే అనుకున్నాను. ఫోన్ చేస్తే మందు దిగే సమయమది అన్నారు, వేళలు సర్దారు, మధ్యాహ్నం తినకపోయినా పొద్దున, రాత్రి కడుపునిండా పెట్టమన్నారు. ఇప్పుడు సాయంత్రం తుఫాను కాదు, గాలివాన.

లెక్క చెప్పాలంటే రోజుకి మూడు నాలుగు ఉండేవి, పోయిన వారమంతా కలిపి అయిదు. నిన్న పాపని కొట్టాడు. ఒక్కటి కొట్టి, చెవులు మూసుకుని, పరుపు వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. నేను పాప దగ్గరికి వెళ్లాను, చిన్నచెల్లి గారు గుర్తొచ్చారు. పదినిమిషాలకి వాడే వచ్చాడు.

మా అత్తయ్య సంగతి చెప్పాలి. ఆ అయిదు నిమిషాల ఆట నాకు, మా ఆయనకి చచ్చేంత కష్టం. ఆవిడకి పుట్టుకతో వచ్చు! వాడి పక్కన కూర్చుని "అదిగో ఎర్రదాని మీద పచ్చది పెట్టావు, పడలేదు చూశావా" అంటూ సాగదీస్తుంటారు, ఒక్క ప్రశ్న ఉండదు. థెరపిస్ట్ వీడియో చూసి ఎక్కడ నేర్చుకున్నారని అడిగారు. మందు మీద కోపం మాత్రం అలాగే ఉంది. ప్రతి ఆదివారం వాడి బరువు తూచి గోడ మీద రాసేది కూడా ఆవిడే, తగ్గితే నన్ను కడిగేయడానికి. డాక్టర్ గారు ఆ గోడని ఫొటో తీసి పంపమన్నారు.

ఒక సందేహం. వచ్చే నెల క్లాస్ మారుతుంది, కొత్త టీచర్. ముందే చెబితే వాడి మీద ముద్ర పడుతుందని భయం. చెప్పకపోతే మొదటి రోజే తెలిసిపోతుంది.

---

ఎర్ర గొడుగు | రాత్రి 10:44

ఆ గోడ నాకు ఏడేళ్ల కిందట కావాల్సింది. అత్తగారికి నా నమస్కారం చెప్పండి.

---

ఒకటో తరగతి టీచర్ | మరునాడు ఉదయం 6:05

చెప్పండి, కానీ రిపోర్టుల కట్ట చేతిలో పెట్టకండి. మొదటి వారం ఎవరికీ అది చదివే తీరిక ఉండదు. ఒక్క పేజీ చాలు. వాడికి ఏది ఇష్టం. ఎలా చెబితే అర్థమవుతుంది. గొడవ వచ్చే ముందు ఏం కనపడుతుంది. వస్తే ఏం చేస్తే తగ్గుతుంది, ఏం చేస్తే పెరుగుతుంది. మందు ఎన్నింటికి వేస్తారు, ఎన్నింటికి దిగుతుంది. మీ ఫోన్ నంబర్. "కొడతాడు" అనే మాటతో మాత్రం మొదలుపెట్టకండి. మొదటి లైన్ చదివి మేం పిల్లవాణ్ని ఊహించుకుంటాం, అది మనసులోంచి పోదు.

---

లారీబాబు అమ్మ | రాత్రి 9:50

రాశాను టీచర్ గారు. గొడవకి ముందు చెవులు మూసుకుంటాడని నోట్‌బుక్ వెనక్కి తిప్పి చూస్తే పదకొండు చోట్ల ఉంది, నేనే రాసి నేనే గమనించలేదు. అది మూడో లైన్. మొదటి లైన్ అత్తయ్య చెప్పారు, అలాగే ఉంచాను: "రోడ్డు మీద లారీ దూరంగా ఉండగానే చక్రాలెన్నో చెప్పేస్తాడు, మీరూ లెక్కపెట్టి చూడండి."